నౌకాకృతియు సంఖ్యాత్రయమును: యుక్తికల్పతరువునకు కంప్యూటరు రూపకల్పన పెట్టు పరీక్ష

1. ఉపోద్ఘాతము

కడప జిల్లాలోని వేంపల్లె పాపఘ్నీ తీరమందలి ఊరు. గండిక్షేత్రమువద్ద కొండలను చీల్చుకొని వచ్చు ఈ నదిలో ఏడాదిలో అధికభాగము కనబడునది ఇసుకయే. ఇట్టి మెట్టప్రాంతమున సంస్కృతము చదువుకొను విద్యార్థికి ఓడ కంటికి కనబడు వస్తువు కాదు. గ్రంథములలో ఎదురగు దృష్టాంతము. భవసాగరమును దాటించు నౌక భక్తికావ్యములలో ఉన్నది. 499లో వెలసిన ఆర్యభటీయమున భూభ్రమణమును బోధించుటకు ఆర్యభటుడు గ్రహించినది, సాగు పడవలో కూర్చుండి ఒడ్డు వెనుకకు పోవుచున్నట్లు చూచు మనుష్యుడినే. ఐతే ఆ పడవ యొక్క పొట్ట ఏ వంపుతో ఉన్నది, ఆ వంపు ఎట్లు నిర్ణయింపబడినది అను ప్రశ్న పాఠశాలలో పుట్టదు.

ఆ ప్రశ్న నేడు మరియొక మార్గమున వచ్చుచున్నది. భోజుని పేరిట ప్రసిద్ధమైన యుక్తికల్పతరువులోని నౌకాప్రకరణమును ఉదాహరించి, ప్రాచీన భారతీయుల నౌకానిర్మాణశాస్త్రము సమగ్రముగా అందు నిక్షిప్తమై యున్నదని సభలలోను పాఠ్యగ్రంథములలోను చెప్పుట పరిపాటియైనది. వేరొకవైపున, నౌకల ఆకృతిని కంప్యూటరు తెరమీద తీర్చు క్యాడ్ సాఫ్ట్‌వేర్లు ఏ కొలతనైనను గ్రహించి రూపముగా చూపగలిగిన స్థితికి వచ్చినవి. కనుక ఈ మాటను పరీక్షించుట ఇప్పుడు సాధ్యమే: యుక్తికల్పతరువు ఇచ్చిన కొలతలతో ఒక ఓడ రూపొందునా? రూపొందనిచో గ్రంథమున లేనిదేమి? ఆ లేనిదానిని పూరించు హక్కు ఎవరికి, ఏ నియమముతో కలదు? ఈ మూడు ప్రశ్నలను విచారించుట ప్రస్తుత వ్యాసప్రయోజనము.

2. గ్రంథము చెప్పుచున్నది

రాధాకుముద ముఖర్జీ 1912లో ఆంగ్లమున ప్రకటించిన భారతీయ నౌకాచరిత్రలో ఈ ప్రకరణమును వెలికి తెచ్చి పట్టికలుగా కూర్చెను. ఈ విషయమున తరువాతివారు వ్రాసినదానిలో పెక్కు భాగము ఆ పట్టికలను ఆశ్రయించినదే. ఆ ప్రకారము నౌకలు సామాన్యములు, విశేషములు అని రెండు తెగలు. సామాన్యములు పది: క్షుద్ర, మధ్యమ, భీమ, చపల, పటల, భయ, దీర్ఘ, పత్రపుట, గర్భర, మంథర. వీని పొడవులు వరుసగా 16, 24, 40, 48, 64, 72, 88, 96, 112, 120 హస్తములు. క్షుద్రకు వెడల్పును ఎత్తును నాలుగేసి హస్తములు. మధ్యమకు వెడల్పు 12, ఎత్తు 8. భీమ మొదలు మంథర వరకు ఎనిమిదింటికి వెడల్పును ఎత్తును పొడవులో సగమే.

విశేషములలో దీర్ఘ, ఉన్నత అని రెండు భేదములు. దీర్ఘజాతి నౌకలు దీర్ఘిక, తరణి, లోల, గత్వర, గామిని, తరి, జంఘాల, ప్లావిని, ధారిణి, వేగిని అని పది. ఇవి 32 హస్తముల పొడవుతో మొదలై పదునారేసి హస్తములు పెరుగుచు 176 వరకు పోవును. అన్నింటికిని వెడల్పు పొడవులో ఎనిమిదవ వంతు, ఎత్తు పదవ వంతు. ఉన్నతజాతి నౌకలు ఊర్ధ్వ, అనూర్ధ్వ, స్వర్ణముఖి, గర్భిణి, మంథర అని ఐదు. పొడవులు 32, 48, 64, 80, 96 హస్తములు. వెడల్పును ఎత్తును పొడవులో సగము.

ఇవికాక ఏ జాతి కలప ఏ నౌకకు తగును, సముద్రగామి నౌకల పలకలను ఇనుముతో ఎందుకు బంధింపరాదు, ముఖభాగమున సింహము, మహిషము, సర్పము, గజము మున్నగువాని శిరస్సులలో దేనిని నిలుపవచ్చును, మందిరములు నౌక అంతటను ఉండవలెనా, నడుమనా, ముందా అను విషయములు కలవు. ఒక రాజాస్థానమునకు ఏయే నౌకలు తగునో తెలుపు ఉద్దేశమునకు ఇది చక్కని ప్రకరణము. శుభాశుభములు కూడ చెప్పబడినవి. సామాన్యములలో భీమ, భయ, గర్భర. దీర్ఘలలో లోల, గామిని, ప్లావిని. ఉన్నతలలో అనూర్ధ్వ, గర్భిణి, మంథర అశుభప్రదములు.

3. పట్టికలలోని చిక్కు

ఈ అశుభములకు కారణము బహుశః ఆయా కొలతలు నీటిమీద నిలుకడ నీయకపోవుట కావచ్చునని ముఖర్జీ ఊహించెను. తరువాతివారిలో కొందరు ఆ ఊహను సిద్ధాంతముగా గ్రహించిరి. కాని పట్టికలను పక్కపక్కన నుంచి చదివినచో ఆ ఊహ నిలువదు.

మొదటిది. భీమ 40, 20, 20 హస్తములు. చపల 48, 24, 24. రెండింటి నిష్పత్తి ఒక్కటియే. ఒకే ఆకృతిని పెంచియో తగ్గించియో చేసిన రెండు నౌకలు తమ తమ పరిమాణమునకు తగిన బరువుతో తేలునపుడు వాని నిలుకడ నిష్పత్తియు సమానముగనే ఉండును. ఐనను భీమ అశుభము, చపల కాదు. దీర్ఘజాతి పదింటికిని నిష్పత్తి ఒక్కటే. అందులో మూడు అశుభములు, ఏడు కావు. నిష్పత్తి చేత ఈ విభాగము కలుగుట అసంభవము.

రెండవది. పరిమాణము పెరిగినకొలది కలపబలము చాలక చెడుగు కలుగునందుమా? అప్పుడు ఒక హద్దు దాటిన నౌకలన్నియు అశుభములు కావలెను. సామాన్యములలో 40 అశుభము, 48, 64 శుభములు, 72 అశుభము, 88, 96 శుభములు, 112 అశుభము, 120 మరల శుభము. వరుసలో మూడవది, ఆరవది, తొమ్మిదవది తప్పినవి. పొడవుల పెరుగుదలయు 8, 16, 8, 16 అను లయతోనే సాగుచున్నది. ఇది నీటియందలి అనుభవము వేసిన క్రమముకంటె లెక్కయందలి క్రమమునకు దగ్గరగా నున్నది.

మూడవది ముఖ్యము. చపలకు 48, 24, 24, అనూర్ధ్వకు అవే. పటలకు 64, 32, 32; స్వర్ణముఖికి అవే. పత్రపుటకు 96, 48, 48. ఉన్నతజాతి మంథరకు అవే. ఈ మూడు జంటలలో చపల శుభము కాగా అనూర్ధ్వ అశుభము. పత్రపుట శుభము కాగా మంథర అశుభము. కొలతలు మూడును ఒక్కటియై యుండగా పేరును ఫలమును వేరైనవి. కావున భేదము ఆ కొలతలలో లేదు. అది ఆకృతిలో నుండి గ్రంథమున చెప్పబడకయైనను ఉండవలెను. లేదా ఈ విభాగమునకు ఆకృతితో సంబంధమే లేకయైనను ఉండవలెను. మూడవ గతి లేదు.

4. ఆకృతి ఎచ్చట నున్నది

పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు సంఖ్యలు ఒక పెట్టెను నిర్ణయించును, ఓడను నిర్ణయింపవు. 48, 24, 24 హస్తముల పెట్టె ఘనఫలము 27,648 ఘనహస్తములు. అవే కొలతలలో, అడుగున ఒక్క గీతవలె కూడి పైకి విచ్చుకొను నాగటిచాలు వంటి ఆకృతిని తీర్చినచో ఘనఫలము అందులో సగము, అనగా 13,824. ఒకటి మెల్లగ కదలుచు బరువును మోయును. రెండవది నీటిని చీల్చుకొని పోవును, కాని తక్కువ మోయును. రెండును గ్రంథమునకు విరుద్ధములు కావు. ఈ రెంటి నడుమ లెక్కలేనన్ని ఆకృతులు ఇముడును.

మరి ప్రాచీన శిల్పి ఆకృతిని ఎట్లు నిలిపెను? అది గ్రంథమున కాక చేతిలోను కంటిలోను ఉండెను. వడ్రంగి సన్నని పొడవైన బద్దను వంచి, నాలుగైదు చోట్ల ఆనించి, మిగిలిన వంపును కర్రకే విడిచిపెట్టును. కర్ర తన స్వభావముచేత ఎచ్చటను విరుపు లేక వంగును. ఆ వంపునకు తగినట్లు పక్కటెముకలవంటి వంకరకర్రలను, వానికి తగినట్లు పలకలను అమర్చును. కోరంగి, తాళ్లరేవు ప్రాంతములలో తెరచాప ఓడలను కట్టిన శిల్పులు కాగితపు పటములకంటె ఇట్టి పరంపరాగతమైన చేతికొలతనే ఎక్కువగా నమ్ముకొనిరి. అట్టి విద్య గురువు చేతినుండి శిష్యుని చేతికి పోవును. శిష్యుడు లేని తరమున అది నశించును. శ్లోకము మాత్రము మిగులును.

ఐరోపాలో ఈ వంపును కాగితముమీద నిలుపు పద్ధతి పదునెనిమిదవ శతాబ్దికి స్థిరపడెను. స్వీడన్ దేశీయుడగు చాప్మన్ 1768లో ప్రకటించిన ఓడపటముల గ్రంథము దీనికి ప్రసిద్ధోదాహరణము. ఓడను అడ్డముగా పలుచోట్ల కోసినట్లు ఒక పటము, నీటిమట్టమునకు సమాంతరముగా కోసినట్లు ఒకటి, పక్కనుండి చూచినట్లు ఒకటి. ఒక పటములోని బిందువు తక్కిన రెండింటిలోను సరిపోవలెను. ఈ పటములను ఓడల కర్మాగారములో విశాలమైన నేలపై నిజపరిమాణమున మరల గీసి, బద్దను సీసపుగుండ్లతో నిలిపి, వంపులను సరిచేయుదురు. విశాఖపట్టణమున సింధియా సంస్థ నిర్మించిన జలఉష 1948 మార్చిలో నీట దిగిన కాలమున, ఓడకట్టు దేశములన్నిట నడచుచుండినది ఈ పద్ధతియే.

5. బద్దనుండి బీజగణితమునకు

క్యాడ్ సాఫ్ట్‌వేరు చేసినది ఆ బద్దను గణితముగా మార్చుట. వంగిన బద్ద ప్రవర్తనను అనుకరించు బహుపదుల కూర్పునకు షోన్‌బెర్గ్ 1946లో ఆంగ్లమున బద్దకున్న 'స్ప్లైన్' అను పేరునే పెట్టెను. ఫ్రాన్సులో సిట్రోయెన్ కార్ల సంస్థలో ద కాస్తెల్జో 1959లోను, రెనో సంస్థలో బెజియే 1960వ దశకమునను వంపులను కొద్ది బిందువులతో శాసించు మార్గమును కనుగొనిరి. 1972లో కాక్స్, డి బోర్ అనువారు వేర్వేరుగా ఆ లెక్కను నమ్మకముగా చేయు క్రమమును చూపిరి. 1975లో వెర్‌స్ప్రిల్ తన పరిశోధనావ్యాసమున ప్రతి బిందువునకును ఒక 'భారము'ను చేర్చిన రూపమును విచారించెను. దీనినే నేడు నర్బ్స్ అందురు. మ్యాక్స్‌సర్ఫ్, రైనోసెరస్ వంటి సాఫ్ట్‌వేర్లలో నౌకాదేహము ఈ నర్బ్స్ తలముగానే నిలుచును.

పనిచేయు విధానమిది. తెరమీద ఒక వలవంటి బిందుసమూహము ఉండును; ఇవి నియంత్రణ బిందువులు. తలము అంచులందు తప్ప సాధారణముగా ఈ బిందువులను తాకదు. వానిచే ఆకర్షింపబడి వాని నడుమ ప్రవహించును. ఒక బిందువును కదల్చినచో దాని పరిసరమందలి తలము మాత్రమే కదలును. దూరమున నున్నది నిశ్చలముగా నుండును. అర్థమును స్వయముగా చెప్పక, సమీపమందలి పదమును మాత్రము ప్రభావితము చేయు ఉపసర్గతో దీనిని పోల్చవచ్చును. ఓడ రెండు పక్కలును సమానములు కనుక రూపకర్త ఒక పక్కనే తీర్చును. రెండవది ప్రతిబింబముగా వచ్చును.

బిందువులు తక్కువయైనచో వంపు నునుపుగా వచ్చును, కోరిన విశేషము రాదు. ఎక్కువయైనచో కోరినది వచ్చును, కాని తలమున కంటికి కనబడని ముడుతలు పుట్టును. ఆ ముడుతలను పట్టుటకు సాఫ్ట్‌వేరు ప్రతి చోట వక్రతను లెక్కించి దువ్వెన పండ్లవలె గీతలుగా చూపును. పండ్ల చివరలు సాఫీగా ఎక్కి దిగుచున్నచో వంపు నిర్దుష్టము. ఎగుడుదిగుడుగా నున్నచో దోషము కలదు. పూర్వము వడ్రంగి బద్ద చివర కన్ను ఆనించి చూచి పట్టిన దోషమే ఇది. రేకును లేక పలకను ఒకే దిక్కున వంచిన చాలునా, రెండు దిక్కులను వంచవలెనా అనునది కూడ వక్రతల గుణకారమువలన తెలియును. గుణఫలము సున్నయైన చోట తాటాకును చుట్టినట్లు చుట్టవచ్చును. కానిచోట పలకను సాగదీయకయో కుదింపకయో అమర్చుట సాధ్యము కాదు.

6. పుట్టి: మెట్టప్రాంతపు నిదర్శనము

ఈ గణితమునకు ఉదాహరణము కొరకు సముద్రతీరమునకు పోనక్కరలేదు. కర్నూలు ప్రాంతమున తుంగభద్రను దాటించు పుట్టి చాలును. వెదురుబద్దలతో గుండ్రని గంపగా అల్లి, పూర్వము తోలుతోను ఇటీవల తారు పూసిన పట్టాలతోను కప్పిన పడవ ఇది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అచ్చటి నదిని దాటించు గంపవంటి గుండ్రని తోలుపడవలను వర్ణించెను. అవి పదునైదు ఇరువదిమందిని మోయుననియు, తిన్నగా పోలేక ఎల్లప్పుడు తిరుగుచుండుననియు అతడు గమనించెను.

తిరుగుటకు కారణము ఆకృతియే. వృత్తమునకు ముందు వెనుకలు లేవు. ఏ దిక్కున నెట్టినను నీరు ఒకే విధముగా అడ్డగించును. తిన్నగా పోవు పడవకు పొడవు అందుకే కావలెను. పుట్టి గుణము వేరు: కొద్దిలోతులో ఎక్కువ మోయుట. రెండు మీటర్ల వ్యాసము, చదునైన అడుగు గల పుట్టిలో మనుష్యులు, సామగ్రి, పుట్టితో కూడ 314 కిలోలున్నచో అది నీట పది సెంటీమీటర్లు మాత్రమే మునుగును. ఇసుకమేటలున్న నదికి ఇంతకంటె తగిన ఆకృతి లేదు.

ఇంత సులభమైన పుట్టియే క్యాడ్‌లో ఒక సూక్ష్మమును బోధించును. పాదవృత్తమును మూడు నియంత్రణ బిందువులతో తీర్చవలెననుకొందము: రెండు చివరలు, వాని స్పర్శరేఖలు కలియు మూల. మూడింటికి సమానభారమైనచో వచ్చునది వృత్తము కాదు, పరవలయము. అది నడుమ వ్యాసార్ధమునకు మించి నూటికి ఆరువంతులు బయటకు ఉబ్బును. ఒక మీటరు వ్యాసార్ధము గల పుట్టిలో ఆ తప్పు ఆరు సెంటీమీటర్లు. సాధారణ బహుపదులు ఎన్ని చేర్చినను వృత్తము సరిగా రాదు. మూలబిందువు భారమును రెండు యొక్క వర్గమూలముచే ఒకటిని భాగింపగా వచ్చు సంఖ్యగా నుంచినచో వృత్తము లేశమైన దోషము లేక వచ్చును. ఆ సంఖ్య సుమారు 0.7071.

శుల్బసూత్రములు చదివినవారికి ఈ సంఖ్య పరిచితమే. ద్వికరణికి బౌధాయనుడు చెప్పిన ఆసన్నమానము 577ను 408చే భాగించిన ఫలము. అందులో సగము, అనగా 577ను 816చే భాగించినది, ఆ భారమునకు దశాంశమున ఐదవ స్థానము వరకు సరిపోవును. యజ్ఞవేదికి త్రాడు పట్టిన గణితము పుట్టి వంపునకు పనికివచ్చుచున్నది. ఇంతమాత్రముచేత శుల్బకారులు నర్బ్స్ నెరిగిరని చెప్పరాదు. వారెరిగినది ద్వికరణి, దానిని ఇచ్చట ఉపయోగించుట నేటివారి పని. ఈ వివేకము ముందు చెప్పబోవు విషయమునకును అవసరము.

7. ఖాతగణితమును మునుగు ఘనఫలమును

ఆకృతి సిద్ధమైన పిదప సాఫ్ట్‌వేరు ఎంత భాగము మునుగునో, మునిగిన భాగపు కేంద్రమెచ్చటనో, పక్కకు ఒరిగినపుడు తిరిగి నిలుచునో లేదో లెక్కించును. ఇందులకు మూలము మునిగిన ఘనఫలము. నౌకాశిల్పులు దానికి పూర్వమునుండి వాడినది సింప్సన్ సూత్రము: రెండు చివరల కోతల క్షేత్రఫలములు, నడిమి కోతకు నాలుగింతలు కూడి, పొడవుచే గుణించి, ఆరింట భాగించుట. చాప్మన్ సింప్సన్ వద్దనే గణితమభ్యసించినవాడు.

బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున గుంటల ఘనఫలమునకు చెప్పిన విధానమును దీని పక్కన ఉంచి చూడవలెను. మీది, అడుగు కొలతల సగటుతో వచ్చిన క్షేత్రఫలమును లోతుచే గుణించినది వ్యావహారికము. మీది, అడుగు క్షేత్రఫలముల సగటును లోతుచే గుణించినది ఔత్రము. రెంటి భేదమున మూడవ వంతును వ్యావహారికమునకు కలిపినది సూక్ష్మఫలము.

ఒక బావిగుంట మీద పది హస్తముల చదరము, అడుగున ఆరు హస్తముల చదరము, లోతు ఆరు హస్తములు అనుకొందము. సగటు భుజము 8, క్షేత్రము 64, వ్యావహారికము 384. క్షేత్రముల సగటు 68, ఔత్రము 408. భేదము 24, మూడవ వంతు 8. సూక్ష్మఫలము 392. సింప్సన్ సూత్రముచే 100, 36, నడిమి 64కు నాలుగింతలు 256 కూడగా 392. లోతు ఆరుచే గుణించి ఆరింట భాగింపగా అదే 392. రెండు సూత్రములును బీజగణితమున ఒక్కటియే. త్రవ్విన మట్టికి కూలి కట్టుటకు కావలసిన లెక్కయే తేలు ఓడకు కావలసినది. గుంటలో లేని మట్టియు, ఓడ తొలగించిన నీరును గణితమునకు సమానములు. బావులు, చెరువులు త్రవ్వుకొని బ్రతికిన మెట్టప్రాంతమునకు నౌకాగణితము పరాయిది కాదనుటకు ఇది నిదర్శనము.

ఐనను హద్దు చెప్పవలెను. బ్రహ్మగుప్తుని సూత్రము తిన్నని గోడలు గల గుంటకు చెప్పబడినది. అతడు దానిని వంపు గల ఓడకు అన్వయించినట్లు గ్రంథమున లేదు. పొడవును చిన్నచిన్న ఖండములుగా విభజించి వంపునకు అన్వయించుట తరువాతి విస్తరణము.

8. లోపించినదానిని పూరించుట: కౌండిన్య

కొలతలు లేక చిత్రము మాత్రమే యున్నపుడు ఓడను కట్టుట ఎట్లు? భారతనౌకాదళము వారి కౌండిన్య ఇందుకు సమకాలిక నిదర్శనము. అజంతా గుహలలో ఐదవ శతాబ్దిదిగా ఎంచబడు చిత్రములోని ఓడ దీనికి ఆధారము. 2023లో ఒప్పందము కుదిరి, ఆ సెప్టెంబరులో వెన్నుదూలము వేయబడెను. కేరళ శిల్పులు పలకలను కొబ్బరినార త్రాళ్లతో కుట్టిరి. 2025 ఫిబ్రవరిలో నీట దిగి, మే 21న కార్వారులో దళమున చేరెను. 2025 డిసెంబరు 29న పోరుబందరు నుండి బయలుదేరి 2026 జనవరిలో మస్కటు చేరెను.

చిత్రమునకు రెండు దిక్కులే కలవు, మూడవది లేదు. చిత్రకారుడు ఓడ అడుగును చూపలేదు. నీటిలో మునిగిన భాగమునకు ఆధారమే లేదు. కావున దేహపు వంపును ఊహించి తీర్చవలసి వచ్చెను. ఆ ఊహను గాలికి విడువక, మద్రాసు ఐ.ఐ.టి. సముద్ర ఇంజనీరింగు శాఖవారి సహకారముతో నమూనాను నీట పరీక్షించిరి. గణితముచే ఊహను హద్దులో ఉంచి, శిల్పి చేతిచే దానిని నిజము చేసిరి. ఇందు గ్రహింపదగినది, ఆ ఓడ అజంతా చిత్రపు ఓడ 'యే' యని కాక, ఆ చిత్రమునకు విరోధింపక సముద్రమున నిలువగల ఒక ఓడ యని. ఈ భేదము చిన్నదిగా తోచును. శాస్త్రమున అదియే ప్రాణము.

9. పరిష్కర్త ధర్మము

ప్రాచీనగ్రంథమును పరిష్కరించు పండితునకు ఒక నియమము కలదు. తాళపత్రమున శిథిలమైన అక్షరమును తాను ఊహించి పూరించినచో దానిని కుండలీకరణమున చూపును. చూపనివాడు పరిష్కర్త కాడు, గ్రంథచోరుడు. ఈ నియమమే కంప్యూటరు ఆకృతికిని వర్తింపవలెను. యుక్తికల్పతరువులోని చపలను ఎవరైనను తెరమీద తీర్చినచో, మూడు కొలతలు గ్రంథోక్తములు. నియంత్రణ బిందువులన్నియు కల్పితములు. ఒకటి వాని పేరు ధ్వనించు భావముచే, ఒకటి నిలుకడ లెక్కచే, ఒకటి తీరప్రాంతపు పడవ పోలికచే నిర్ణయింపబడి యుండవచ్చును. ఏది దేనిచే వచ్చినదో వేర్వేరుగా గుర్తింపవలెను. లేనిచో అందమైన తెరచిత్రము వెలువడగనే అది 'భోజుని ఓడ' యని ప్రచారమగును. పదేండ్లలో అదియే ప్రమాణమగును.

పేరు ధ్వనించు భావము అన్నచో ఉదాహరణము: పత్రపుట మనగా దొప్ప. ఆకును మడచి కుట్టిన ఆకారము దేహమునకు ఉద్దేశింపబడినదేమో యని ఊహింపవచ్చును. గర్భిణి యనగా నిండు పొట్టగలది కావచ్చును. స్వర్ణముఖి యనగా ముఖభాగపు అలంకారమే కావచ్చును. ఇవి ఊహలకు ద్వారములు మాత్రమే, ప్రమాణములు కావు. జంఘాల, వేగిని అను పేర్లు రెండును వేగమునే చెప్పుచున్నవి. రెంటికిని నిష్పత్తి ఒక్కటే కావున పేరు భేదమున ఆకృతిభేదము తప్పక ఉన్నదని నిశ్చయింపరాదు.

ఈ కార్యమునకు ఒక్క శాస్త్రము చాలదు. శ్లోకమును విడదీయగలవానికి వక్రతాచిత్రము తెలియదు. వక్రతాచిత్రమును చదువగలవానికి 'తత్' అను సర్వనామము ఏ కొలతను స్పృశించుచున్నదో తెలియదు. ఆ ఒక్క అన్వయము మారిన ఎత్తు సగమో మూడవ వంతో యగును, ఓడయే మారును. వేంపల్లె మండలములోని ఇడుపులపాయలో 2008నుండి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమున్నది. అచ్చట యంత్రశాస్త్ర విద్యార్థులు చదువుచున్నారు. ఓరియంటల్ కళాశాలల సంస్కృతోపాధ్యాయులు అట్టి విద్యార్థులతో కూర్చుండి, ముందుగా తుంగభద్ర పుట్టిని కొలిచి తెరమీద తీర్చి, లెక్కను నీటిలో సరిచూచుకొని, పిదప యుక్తికల్పతరువులోని ఒక్కొక్క నౌకను చేపట్టినచో మార్గము క్రమముగా నుండును. కంటి ముందున్న దానిని సరిగా కొలువలేనివారు కనబడనిదానిని నిర్మింపరాదు.

10. ఉపసంహారము

ఇంతవరకు విచారింపబడినదాని సారమిది. యుక్తికల్పతరువు నౌకల పేళ్లను, ప్రధాన కొలతలను, కలపను, అలంకారమును, శుభాశుభములను చెప్పుచున్నది. ఆకృతిని చెప్పుట లేదు. శుభాశుభవిభాగమునకు నిలుకడ కారణమను ఊహ గ్రంథములోని సంఖ్యలచేతనే నిరాకృతమగుచున్నది. ఆకృతి శిల్పి బద్దలో నుండెను. ఆ బద్దయే నేడు గణితమై కంప్యూటరులో నున్నది. ఆ గణితమునకు కొన్ని మూలసూత్రములు శుల్బమునను ఖాతవ్యవహారమునను మనకు స్వతంత్రముగా లభించుచున్నవి. అవి నౌకలకై చెప్పబడినవి కావు.

గ్రంథమునకు లేని సంపూర్ణత్వమును ఆరోపించుట దానికి గౌరవము కాదు. గ్రంథము చెప్పినంత చెప్పి నిలిచిన చోటును సరిగా గుర్తించుట గౌరవము. ఆ నిలిచిన చోటినుండి పేరు తెలియని శిల్పి విద్య ఆరంభమగుచున్నది. అతడు శ్లోకము వ్రాయలేదు. అతని ఓడ మునిగినది. అతని శిష్యపరంపర అనేకచోట్ల తెగినది. గ్రంథమునకు సర్వమును కట్టబెట్టినచో ఆ శిల్పి విద్య మరియొకమారు మరుగున పడును. తెరమీద కదలు ప్రతి నియంత్రణ బిందువును అతడు ఒకప్పుడు కంటితో నిలిపినదే యని గ్రహించి, తెలిసినదానిని తెలిసినదిగాను, ఊహించినదానిని ఊహగాను వ్రాసియుంచుట ఈ విషయమున పనిచేయు పండితులందరికిని కర్తవ్యము.